మా ఇంట్లో విల్సన్ జబ్బు బయటపడింది, ఇలాంటి వాటి మీదే రిసర్చ్ చేయాలనుంది. ఆ దారి ఎలా ఉంటుంది?

సిరి_పాలకొండ:

నమస్కారం అండీ. మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎంఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. విషయం కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా చిన్నాన్న కొడుక్కి ఇప్పుడు పదహారేళ్లు. చిన్నప్పుడు పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. పసరు మందు వల్లే తగ్గాయని ఇంట్లో అందరూ అనుకున్నారు. తొమ్మిదో తరగతిలో వాడి చేతిరాత పాడైపోయింది. గుండ్రంగా రాసేవాడు కాస్తా, అక్షరాలు నలిగిపోయి గీత దిగి రాయడం మొదలుపెట్టాడు. తర్వాత మాట ముద్దగా రావడం, చొంగ కారడం, మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకడం. బడిలో పొగరనుకున్నారు. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చివరికి విశాఖలో ఒక న్యూరాలజిస్టు గారు కంటి డాక్టరు దగ్గరికి పంపారు. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందని ఆవిడ చెప్పాక, మిగతా పరీక్షలన్నీ చేసి, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బని తేల్చారు. మందులు మొదలుపెట్టి ఏడాది దాటింది. ఇప్పుడు చొక్కా గుండీలు వాడే పెట్టుకుంటున్నాడు. చిన్నాన్న వాళ్లది మేనరికం.

నేను ఆ డాక్టరు గారిని ప్రశ్నలతో విసిగిస్తుంటే, ఈ మందు తెచ్చినాయన పేరు వాల్షే, ఆయన గురించి చదువమ్మా అన్నారు. చదివాను. అప్పటి నుంచి ఇదే ధ్యాస. పుట్టుకతో వచ్చే మెదడు జబ్బులు, మెటబాలిక్ జబ్బులు, వీటి మీదే పని చేయాలనుంది. నాన్నేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. సీనియర్లని అడిగితే ఇప్పుడంతా జీన్ సీక్వెన్సింగే, ఎంజైములూ గింజైములూ పాతబడిపోయాయి, కోడింగ్ నేర్చుకో అంటున్నారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు రోజూ చేసే పని ఏమిటి? ఒక మందు రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? మన జిల్లాల నుంచి వెళ్లి పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

విజయనగరం_పిల్లల_డాక్టర్:

సిరీ, రిసర్చ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది చెప్పు: ఆ అబ్బాయికి తోబుట్టువులు ఉన్నారా? ఉంటే వాళ్లకి పరీక్షలు చేయించారా? తల్లిదండ్రులిద్దరిలోనూ తేడా ఉన్న జీన్ ఒక్కొక్కటి దాగి ఉంటుంది కాబట్టి, వాళ్లకి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పైకి హుషారుగా తిరుగుతున్న పిల్లలోనే లోపల కాలేయంలో రాగి పేరుకుంటూ ఉండవచ్చు. లక్షణాలు రాకముందే పట్టుకుంటే ఆ పిల్లకి వణుకు అన్నదే రాకుండా ఆపవచ్చు. రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, కంటికి స్లిట్ ల్యాంప్ పరీక్ష, అబ్బాయి జీన్ రిపోర్టు ఉంటే అదే మార్పు కోసం రక్త పరీక్ష. ఈ వారంలోనే వెళ్లండి.

ఇంకో మాట. ఆరోగ్యానికి మంచిదని రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున్నే తాగించే అలవాటు మన ఇళ్లలో ఈమధ్య బాగా పెరిగింది. ఆ అబ్బాయి జోలికి ఆ చెంబు రాకూడదు. మేక కార్జం, పీతలు, రొయ్యలు మానిపించండి. పలాస చుట్టాలు తెచ్చే జీడిపప్పు కూడా. జీడిపప్పులో రాగి ఎక్కువని చాలామందికి తెలీదు. అన్నిటికన్నా ముఖ్యం, బాగున్నాడు కదా అని మందు ఆపొద్దు. మానేసి, కాలేయం పూర్తిగా పాడై వచ్చిన వాళ్లని చూశాను.

రిసర్చ్ గురించి ఇక్కడ 'గంటస్తంభం' పేరుతో రాసే మేడమ్ చెప్పాలి. మేడమ్, చూశారా?

గంటస్తంభం:

చూశాను డాక్టరు గారూ. మీరు చెప్పినవి ముందు చెయ్యమ్మా సిరీ, తర్వాతే ఇది చదువు.

మాది చీపురుపల్లి. ఉద్యోగమంతా హైదరాబాదులో, ఒక ప్రభుత్వ సంస్థ ల్యాబులో చేశాను. రిటైరయ్యాక విజయనగరం వచ్చేశాను. పిల్లలకి వచ్చే లైసోజోమ్ జబ్బుల్లో (కణంలో చెత్తని అరిగించే సంచులు సరిగ్గా పనిచేయక వచ్చేవి) ఏ ఎంజైము లోపించిందో తేల్చడం, దాని చుట్టూ పరిశోధన, ఇదే నా పని. నువ్వు అడిగింది నా బతుకు గురించే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

మీ సీనియర్ల మాటతో మొదలుపెడతాను. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నువ్వు చదివిన వాల్షే కథనే మళ్లీ సంవత్సరాలు పెట్టుకుని చూడు. 1912లో లండన్‌లో కిన్నియర్ విల్సన్ ఈ జబ్బుని వర్ణించారు. మెదడూ కాలేయమూ రెండూ చెడుతున్నాయని చెప్పగలిగారు గానీ, ఎందుకన్నది తెలీదు. 1948లో కమింగ్స్ అనే ఆయన చనిపోయిన రోగుల మెదడులోనూ కాలేయంలోనూ రాగిని కొలిచి, విపరీతంగా ఉందని చూపించారు. దాన్ని బయటికి లాగడానికి అప్పట్లో ఉన్నది బాల్ అనే ఇంజెక్షన్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్సెనిక్ విషవాయువుకి విరుగుడుగా తయారైన మందు అది. నూనెలో కలిపి కండలోకి గుచ్చాలి. ఆ నొప్పి ఎన్నాళ్లని ఓర్చుకుంటారు?

వాల్షే 1955లో బోస్టన్‌లో ఉన్నారు. అక్కడ విల్సన్ రోగిని చూసినప్పుడు లండన్‌లో తాను చేసిన పాత పని గుర్తొచ్చింది. పెన్సిలిన్ తీసుకుంటున్న కాలేయ రోగుల మూత్రాన్ని పదార్థాల్ని విడదీసి చూపించే క్రొమటోగ్రఫీ కాగితం మీద పరీక్షిస్తుంటే, అంతకుముందు లేని ఒక పదార్థం కనిపించింది. పెన్సిలిన్ విరిగితే వచ్చే పెన్సిలమైన్ అది. దాంట్లో ఉన్న సల్ఫర్ రాగిని పట్టుకుంటుంది, నోటితో మింగవచ్చు, మూత్రంలోంచి పోతుంది. ముందు తానే మింగి చూశారు. తర్వాత రోగికి ఇచ్చారు. 1956లో ప్రచురించారు. అది పడక కొందరికి కిడ్నీలు దెబ్బతింటుంటే ఊరుకోకుండా 1969లో ట్రయెంటిన్ అనే ఇంకో మందు తెచ్చారు. వేరే వాళ్లు జింకు మీద పనిచేశారు. పేగులోనే రాగిని అడ్డుకుంటుంది కాబట్టి అదీ నిలబడింది.

మరి జీన్ ఎప్పుడు దొరికింది? 1993లో. పదమూడో క్రోమోజోమ్ మీద ఏటీపీ7బి. కాలేయ కణంలో రాగిని సెరులోప్లాస్మిన్‌కి ఎక్కించి, మిగిలింది పైత్యరసంలోకి తోసేసే పంపు అది. ఆ పంపు పాడైతే రాగి కాలేయంలో నిండి, అక్కణ్ణుంచి పొంగి మెదడుకీ కంటికీ చేరుతుంది. ఈ సంగతంతా తేలేసరికి మీ తమ్ముడు మింగుతున్న మందుకి ముప్పై ఏడేళ్లు నిండాయి. కెమిస్ట్రీ తెలిసినాయన రోగి మూత్రం చూసి మందు తేగలిగారు. అందుకని నిన్నెవరైనా బయోకెమిస్ట్రీ పాతబడిందంటే, ఈ రెండు సంవత్సరాలూ చెప్పి ఊరుకో.

సీక్వెన్సింగ్, అంటే జీన్ అక్షరాలన్నీ వరసగా చదవడం, దండగ అనడం లేదు. అది వచ్చాక మేం చూడనైనా చూడని జబ్బులు బయటపడ్డాయి. అయితే ఆ రిపోర్టులు తెరిచి చూడు. చాలావాటిలో, ఫలానా జీన్‌లో ఫలానా అక్షరం మారింది, దీని అర్థం ఇంకా తేలలేదు అని ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని ఇచ్ఛాపురం నుంచి వచ్చిన తండ్రికి ఏం చెబుతావు? ఉందా లేదా అని అడుగుతాడు. అప్పుడు కావలసింది ఎంజైము పరీక్ష. ఎంజైము పనిచేస్తోందంటే ఆ మార్పు మీద అనుమానం సడలుతుంది. పడిపోయిందంటే జబ్బు. రెండూ తెలిసిన మనిషికి ఈ రంగంలో ఎప్పుడూ పనుంటుంది. కోడింగ్ నేర్చుకో, మంచిదే. పిపెట్ మాత్రం వదలకు.

రోజూ చేసే పని అడిగావు. రక్తం గొట్టంలో డెక్స్‌ట్రాన్ కలిపి నిలబెడితే, ముప్పావుగంటలో ఎర్రకణాలు కిందికి దిగిపోతాయి. పైన తేలే లేత పసుపు ద్రవంలో తెల్లకణాలుంటాయి. వాటిని తీసి, కడిగి, ఐసులో పెట్టి ధ్వని తరంగాలతో పగలగొడతాం. ఆ రసంలో ప్రోటీన్ ఎంతుందో కొలుస్తాం. తర్వాత దానికి, 4-మిథైల్అంబెల్లిఫెరోన్ అనే వెలిగే ముక్క తగిలించిన, ఎంజైము తెంచే పదార్థం సబ్‌స్ట్రేట్ వేసి 37 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచుతాం. రసంలో ఎంజైము ఉంటే ఆ తగిలింపుని తెంచుతుంది. టైము అయ్యాక పీహెచ్ పదికి పైనున్న గ్లైసీన్ బఫర్ పోస్తే రియాక్షన్ ఆగిపోతుంది, తెగిన ముక్క వెలుగుతుంది. మెషీన్‌లో అంకె రాకముందే, గది చీకటి చేసి అతినీలలోహిత దీపం కింద గొట్టాలు పట్టుకుని చూసేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న మనిషిది నీలంగా వెలుగుతుంది. పక్కనే పిల్లాడి గొట్టం నీళ్లలా ఉంటుంది. ఎన్నేళ్లు చేసినా ఆ పక్కపక్క గొట్టాలు చూస్తే కడుపులో ఏదోలా ఉండేది.

అయితే వెలగలేదని వెంటనే రాసేయకూడదు. మే నెలలో సోంపేట నుంచి ఒకాయన థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని వచ్చారనుకో. దారిలో ఐసు కరిగిపోయి రక్తం వేడెక్కిందా, లేక ఐసుకి ఆనుకుని గడ్డకట్టిందా, మనకి తెలీదు. అందుకే అదే రసంలో ఆ జబ్బుతో సంబంధం లేని ఇంకో ఎంజైము, సాధారణంగా బీటా గాలక్టోసిడేజ్, తప్పకుండా చూస్తాం. అదీ పడిపోయి ఉంటే శాంపిల్ పాడైనట్టు. అది బాగుండి మనకి కావలసింది ఒక్కటే పడిపోతే అప్పుడు జబ్బు. ఈ ఒక్క నియమం ఒంటబట్టని వాళ్లని నేను బెంచి దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. అమెరికా వెళ్లొచ్చినా సరే.

ఇక చిరాకులు. సబ్‌స్ట్రేట్ విదేశాల నుంచి రావాలి. నెలల తరబడి కస్టమ్స్‌లో ఉండిపోతుంది, వచ్చేసరికి చల్లదనం పోతుంది. ఫ్రీజర్‌కి జనరేటర్ ఉందా అని రోజూ ఒకరు చూడాలి. గ్రాంటు పేపర్ మీద శాంక్షన్ అవుతుంది, డబ్బు మార్చి చివర్లో పడుతుంది, అదే నెలలో ఖర్చు చూపించమంటారు. ఇవన్నీ ఎవరూ ముందు చెప్పరు కాబట్టి చెబుతున్నాను.

ల్యాబు బయట ఉండే పని ఇంకోటి ఉంది, నాకు అదే అసలు పని అనిపిస్తుంది. వంశవృక్షం గీయడం. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం, జబ్బున్న వాళ్లకి లోపల నలుపు, దగ్గర చుట్టరికంలో పెళ్లి అయితే మధ్య రెండు గీతలు. గీయడానికి ఏముంది, ఎవరైనా గీస్తారు. అడగడంలో ఉంది. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా కోడలు నోరు తెరవదు. మీ వైపు చిన్నప్పుడే పోయిన పిల్లలు ఉన్నారా అంటే లేరు అంటారు. టీ తాగొచ్చి, మీ అమ్మగారికి ఎన్ని కాన్పులమ్మా అని మామూలుగా అడిగితే అప్పుడు ఒక్కొక్కటీ వస్తుంది. మా మేనత్త కొడుకు ఇలాగే ఫిట్స్ వచ్చి పోయాడు, మా పిన్ని కూతురు నడక మానేసింది అని. ఏ మెషీనూ ఇవ్వని సమాచారం అది.

ఈ రంగం మొదలైందే ఒక తల్లి వదలకపోవడం వల్ల. నార్వేలో ఒకావిడకి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు, ఒంటి నుంచి వింత వాసన. ఎందుకొస్తుందని కనపడ్డ ప్రతి డాక్టర్నీ అడిగింది. 1934లో ఫోలింగ్ అనే ఆయన ఒప్పుకుని పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూశారు. మామూలుగా ఎర్రమట్టి రంగే ఉంటుంది, కీటోన్లుంటే ఊదా రంగు తిరుగుతుంది. ఇది ఆకుపచ్చగా మారింది. అదేమిటో తేల్చడానికి మళ్లీ మళ్లీ మూత్రం తెమ్మంటే ఆ తల్లి విసుక్కోకుండా తెచ్చి ఇచ్చింది. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు, అంటే తిండిలోని ఒక అమైనో ఆమ్లం ఒంట్లో విరగక పేరుకుపోవడం, అలా బయటపడింది. దానికి తిండి మార్చి ఆపవచ్చని 1950లలో బికెల్ చూపించారు. పుట్టగానే మడమ మీద గుచ్చి వడపోత కాగితం మీద ఒక చుక్క తీసి పట్టుకోవచ్చని 1960లలో గత్రీ చూపించారు. గత్రీ కొడుక్కి కూడా బుద్ధిమాంద్యం ఉండేది. ఇప్పుడు చాలా దేశాల్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆ చుక్క తీస్తారు. మన దగ్గర ఇంకా అందరికీ లేదు. ఆ పని మీ తరానిది.

ఎన్నేళ్లంటావా? రోస్కో బ్రేడీ అని అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో పనిచేశారు. లైసోజోమ్ జబ్బుల్లో ఒకటైన గాషే జబ్బులో ఏ ఎంజైము లేదో 1960ల మధ్యలో తేల్చారు. ఆ ఎంజైముని మాయ నుంచి, అదే కాన్పు తర్వాత పడేసే మాయ నుంచి, శుద్ధి చేసి ఎక్కించాలన్నది ఆయన ఆలోచన. ఎక్కించినా చేరాల్సిన కణానికి చేరలేదు. దాని చివరనున్న చక్కెరలు కత్తిరించి మానోజ్ అనే చక్కెర బయటపడేలా చేస్తే అప్పుడు చేరింది. మందుగా అనుమతి 1991లో వచ్చింది. పాతికేళ్లు ఒకే జబ్బు. ఆ ఓపిక ఉంటేనే రా.

డబ్బు సంగతి. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకో, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే నెలవారీ ఫెలోషిప్. 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత దాని పై మెట్టు ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000, హెచ్ఆర్ఏ అదనం. పీహెచ్‌డీ అయిదారేళ్లు. ఆ తర్వాత పోస్ట్‌డాక్. నీకు పర్మనెంటు ఉద్యోగం వచ్చేసరికి, డీఎస్సీ కొట్టిన నీ స్నేహితురాలు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలుస్తుంది. మీ నాన్నగారు లెక్క తెలిసే మాట్లాడుతున్నారు. ఆయన మాట కొట్టిపారేయకు, నెట్‌కి రెండుసార్లు రాసుకునే టైము అడుగు.

ఉద్దానం_కుర్రాడు:

మేడమ్, కోపం తెచ్చుకోకండి. మా కవిటి, సోంపేట వైపు ఇంటికో కిడ్నీ పేషెంటు. డయాలసిస్‌కి తిరిగి తిరిగి భూములమ్ముకున్నారు. ఎందుకొస్తుందో ఇన్నేళ్లయినా ఎవరూ తేల్చలేదు. లక్షల్లో ఒకరికొచ్చే జబ్బుల మీద మీరింత శ్రమ పడటం ఎందుకు? ఆ తెలివితేటలేవో ఇక్కడ పెట్టొచ్చు కదా. పోనీ ఇది కూడా వారసత్వమేనా? మాలో మేనరికాలు బాగా ఎక్కువ.

గంటస్తంభం:

కోపం ఎందుకు బాబూ, న్యాయమైన ప్రశ్నే. ఉద్దానం జబ్బు విల్సన్ లాగా ఒక్క జీన్ తేడాతో వచ్చేదని ఎవరూ చూపించలేదు. నీళ్లు, ఎండలో పని, రసాయనాలు, ఒంటి తత్వం, అన్నిటి మీదా అనుమానాలున్నాయి. పలాసలో ఆసుపత్రీ, రిసర్చ్ సెంటరూ 2023 డిసెంబర్‌లో తెరిచారు. అందులో నిలబడి చేసే మనుషులు కావాలి. సిరి లాంటి పిల్ల ఈ విద్య నేర్చుకుంటే అక్కడా పనికొస్తుంది. శాంపిల్ ఎలా తీయాలి, పోల్చి చూసుకోవడానికి కంట్రోల్ ఎలా పెట్టాలి, కుటుంబాన్ని ఎలా అడగాలి, ఇవి ఏ జబ్బుకైనా ఒకటే.

అరుదైనవి అంటావా, ఒక్కొక్కటీ అరుదే. అలాంటివి వేలున్నాయి. మేనరికం గురించి కూడా ఒక మాట. దగ్గర చుట్టరికం వల్ల ప్రమాదం పెరుగుతుంది, నిజం. మేనమామ పెళ్లిలో ఇంకా ఎక్కువ. అయితే మేనరికం మానేస్తే అంతా అయిపోతుందని అనుకోకు. 2017లో హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ నుంచి తంగరాజ్ గారి బృందం, హార్వర్డ్ వాళ్లు కలిసి దక్షిణాసియాలో 263 సమూహాల డీఎన్ఏ చూశారు. అందులో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవని, ఆ తీవ్రత ఫిన్లండ్ వాళ్లలోకన్నా, అష్కెనాజీ యూదుల్లోకన్నా ఎక్కువని తేలింది. కులం లోపలే పెళ్లి చేసుకుంటే, ముక్కూ మొహం తెలియని సంబంధమైనా పాత చుట్టరికమే అవుతుంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌కి మత్తు ఇచ్చాక కండరాలు తేరుకోవడం ఆలస్యమయ్యేది, బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ జీన్‌లో తేడా కారణం. ఇప్పుడు అది తెలుసు కాబట్టి మత్తు డాక్టరు ముందే అడిగి వేరే మందు వాడతారు. ఎవర్నీ తిట్టకుండా ఉపయోగపడిన సైన్సు అది. మీరు మేనరికం చేసుకున్నారు కాబట్టి అనుభవించండి అని తల్లిని నిలదీసే డాక్టర్లంటే నాకు పడదు.

నరసన్నపేట_అమ్మ:

నేను చదువుకోలేదమ్మా, ఇంటర్‌తో ఆపేశారు. మా గుంటడికి హర్లర్ జబ్బు. తల పెద్దది, వేళ్లు వంకర, ఊపిరి గురగురమనేది. నాలుగో ఏట చెప్పారు. రిపోర్టు ఇంగ్లీషులో ఒక కాగితం. కౌంటర్లో ఇచ్చి పొమ్మన్నారు. గుమ్మం దాటాక ఒకావిడ తెల్లకోటుతో పరిగెత్తుకొచ్చి, అమ్మా ఇలా కూర్చోండని మెట్ల మీద కూర్చోబెట్టింది. వాళ్ల ల్యాబులో పరీక్ష చేసింది ఆవిడేనట. మీ తప్పు కాదు, మీ ఆయన తప్పూ కాదు, ఇద్దరిలోనూ ఒక్కొక్కటి దాగి ఉంది, మళ్లీ గర్భం వస్తే పదకొండో వారంలో రండి, మాయ ముక్క తీసి చూడొచ్చు అని తెలుగులో చెప్పింది. మా అత్తగారికి కూడా ఫోన్లో చెప్పింది. ఆ ఫోన్ తర్వాతే మా ఇంట్లో నన్ను అనడం మానేశారు.

బాబు లేడు. తర్వాత పాపకి అలాగే చూపించుకున్నాం, పాప బాగుంది, బడికెళ్తోంది. సిరీ, నువ్వు పెద్ద సైంటిస్టువైతే ఆ కాగితం తెలుగులో రాయించమ్మా. అంతకన్నా నేనేం అడగను.

గంటస్తంభం:

అమ్మా, మీరు చెప్పిన మాట ప్రతి ల్యాబు గోడ మీదా అంటించాలి.

సిరీ, హర్లర్ కూడా లైసోజోమ్ జబ్బే, దాని పేరొచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. ఎలిజబెత్ న్యూఫెల్డ్ అని ఒకావిడ, 1968లో హర్లర్ పిల్లల చర్మకణాల్నీ, హంటర్ అనే ఇంకో జబ్బు పిల్లల కణాల్నీ ఒకే పళ్లెంలో పెంచారు. విడివిడిగా పెంచితే రెండూ చెత్త పేర్చుకునేవి. కలిపి పెంచితే రెండూ బాగుపడ్డాయి. ఒకదానిలో లేనిది ఇంకోటి బయటికి వదిలితే, మొదటిది దాన్ని పీల్చుకుంటోందన్నమాట. బయటి నుంచి ఎంజైము ఎక్కిస్తే కణం తీసుకుంటుందన్న నమ్మకం అక్కణ్ణుంచే బలపడింది. మూలకణాల మార్పిడి కూడా అదే దారిలో పనిచేస్తుంది.

అయితే నమ్మకం వేరు, ఖర్చు వేరు. ఎంజైము డోసు బరువుని బట్టి ఉంటుంది, పిల్ల పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది, జన్మంతా ఎక్కించాలి. పైగా రక్తంలో ఎక్కించింది మెదడులోకి వెళ్లదు. మన కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన జబ్బుల విధానం తెచ్చింది, మరుసటి ఏడు సాయాన్ని 50 లక్షల వరకూ పెంచింది. గుర్తించిన కేంద్రంలో నమోదు కావాలి. మనకి హైదరాబాదులో ఉన్నది నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది. చాలా కుటుంబాలకి ఈ సంగతే తెలీదు. 50 లక్షలు పెద్ద మొత్తంగా వినిపిస్తుంది గానీ కొన్ని జబ్బులకి త్వరగా అయిపోతుంది. చవకైన దారి వెతకడం కూడా రిసర్చే, నా దృష్టిలో మన దేశంలో చేయాల్సిన రిసర్చ్ అదే.

సిరి_పాలకొండ:

అందరికీ థాంక్స్ అండీ. నరసన్నపేట అత్తా, మీ మాట రాసి పెట్టుకున్నాను. చిన్నాన్నకి ఒక కూతురుంది, ఏడో తరగతి. మొన్న తీసుకెళ్లాం. సెరులోప్లాస్మిన్ తక్కువే వచ్చింది, కంట్లో వలయం లేదు. 24 గంటల మూత్రం తెమ్మన్నారు. టెన్షన్‌గా ఉంది. నాన్నకి మేడమ్ రాసిన డబ్బు పేరా చదివి వినిపించాను. ఈవిడ నిజం చెబుతోంది అన్నారు, రెండుసార్లు రాసుకోమన్నారు. ఈ ఏడాది నేను ఏం మొదలుపెట్టాలి?

విజయనగరం_పిల్లల_డాక్టర్:

సెరులోప్లాస్మిన్ తక్కువ ఉన్నంత మాత్రాన జబ్బని కాదు. జీన్ ఒక్కటి మాత్రమే మోస్తున్న వాళ్లలో కూడా కొందరికి తక్కువ ఉంటుంది. మూత్రం రిపోర్టు, జీన్ రిపోర్టు వచ్చాక చూద్దాం. జబ్బే అయినా, ఈ దశలో దొరికితే మందులతో ఆ పాప మామూలుగా పెరుగుతుంది.

గంటస్తంభం:

మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

ప్రాజెక్టు నీదే కదా ఇంకా. ఏదో ఒక ఎంజైము పరీక్ష పెట్టుకో, ఏదైనా సరే, అల్కలైన్ ఫాస్ఫటేజ్ అయినా సరే. స్టాండర్డ్ గ్రాఫు సరిగ్గా గీయడం, ఒకే శాంపిల్‌ని మూడుసార్లు చేస్తే మూడు అంకెలూ దగ్గరగా రావడం, ఇది వచ్చిందంటే ఏ ల్యాబు ఇంటర్వ్యూలో అయినా నిలబడతావు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది, ప్రకటన చూస్తూ ఉండు. హైదరాబాద్, బెంగళూరు ల్యాబులు ఎంచుకో. బెంగళూరులో నరాల, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో విల్సన్ రోగుల్ని దశాబ్దాలుగా చూస్తున్నారు. వాళ్లు 282 మంది రోగుల గురించి 2007లో రాసిన వ్యాసం ముందు చదువు, నీకు మీ తమ్ముడు అందులో కనిపిస్తాడు. ఓఎంఐఎం అని జీన్ జబ్బుల డేటాబేస్ ఉంది, ఉచితం. రోజుకో జబ్బు చదివి, తప్పు ఎక్కడుంది, ఏది పేరుకుంటోంది, ఏది తగ్గుతోంది అని మూడు ముక్కలు నోట్‌బుక్‌లో రాసుకో.

చెల్లి మూత్రం సంగతి జాగ్రత్త. పొద్దున లేవగానే మొదటిసారి వెళ్లింది పారబోసి టైము రాయండి. అక్కణ్ణుంచి మర్నాడు అదే టైముకి వెళ్లేదాకా ప్రతి బొట్టూ పట్టాలి, బడికి పంపకండి. ల్యాబు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ క్యానులోనే పట్టండి. ముందు చెంబులోనో మగ్గులోనో పట్టి అందులో పోయడం వద్దు, ఇత్తడి రాగి సామాను దగ్గరకే రానివ్వొద్దు. మధ్యలో ఒకసారి మర్చిపోతే దాచిపెట్టి ఇవ్వకండి, అంతా పారబోసి మళ్లీ మొదటి నుంచి పట్టండి. రిపోర్టు రాగానే అంకె, యూనిట్లు రెండూ ఇక్కడ రాయి.